కాళ్ళ కింది పొయ్యి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు వచ్చి అడిగినప్పుడు మేము కొంచెం ఆలోచనలో పడ్డాం. కథలు రాయడం మాకు చేతకాదు. కవితలు రాసేవాళ్ళు ఈ హాస్టల్లో గదికి ఇద్దరున్నారు. మేము చదువుకున్నది భూభౌతిక శాస్త్రం. రాళ్ళు, బోర్లు, భూమి లోపలి వేడి తప్ప వేరే ముచ్చట తెలియదు. సరే, తెలిసిన ముచ్చటే చెబుదామని కూర్చున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. ఒకే గదిలో నలుగురం ఒకే చాప మీద పెరిగినవాళ్ళం కాబట్టి "నేను" అని రాయడం మాకు అలవాటు లేదు. "మేము" అనే రాస్తున్నాం. తప్పుగా అనుకోకండి.

డిసెంబరు నెలలో సికింద్రాబాద్ చలి ఎట్లుంటుందో ఈ హాస్టల్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెల్లవారి ఐదున్నరకు నల్లా కింద బకెట్ల వరుస. "ముందు నువ్వు పోసుకో" అంటే "కాదు, ముందు నువ్వే" అని మర్యాదలు. మిగతా పదకొండు నెలల్లో ఎప్పుడూ కనిపించని మర్యాద ఆ ఒక్క నెలలో మా అందరిలో పొంగిపొర్లేది! అట్లాంటి ఒక పొద్దున మా గదిలోని మణుగూరు మిత్రుడు వణుక్కుంటూ అన్నాడు: "మా దిక్కు నీళ్ళు కాగబెట్టే పనే లేదురా. భూమే కాగబెట్టి పంపుతది."

మేము ఊరుకుంటామా? "అవునురా, మీ ఊళ్ళో కోళ్ళు ఉడికిన గుడ్లే పెడతయ్" అని ఆ రోజంతా ఆటపట్టించాం. పాపం, అతడు చెప్పింది అక్షరాలా నిజమని మాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ నిజం దాకా పోయేముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా వంశంలో డిగ్రీ అనే మాట మాతోనే మొదలైంది. నాయిన ఐదో తరగతి దాకా చదివాడు. అమ్మకు సంతకం వచ్చు. ఎమ్మెస్సీలో సీటు వచ్చిన రోజు ఆ కబురు చెప్పడానికి ఇంటికి పోయాం. ఇల్లు అంటే ఒక అపార్ట్‌మెంటు మెట్ల కింద ఉండే వాచ్‌మన్ గది. అందులో పుస్తకం తెరిస్తే కాళ్ళు చాపుకునే జాగా ఉండదు. అందుకే మేము హాస్టల్లో పెరిగాం.

"ఏం సదువు బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"భూమి గురించి చదువమ్మా."

అమ్మ కాసేపు ఆలోచించింది. "మనకు భూమే లేదు గద బిడ్డా" అన్నది.

మేమందరం నవ్వాం. నాయిన మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఒకప్పుడు మాకు భూమి ఉండేది. నల్లగొండ జిల్లాలో, దేవరకొండ దిక్కు, రెండున్నర ఎకరాలు. దాన్ని మింగింది బోర్లు. మొదటి బోరు నూట ఎనభై అడుగులు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది. రెండోది రెండువందల అరవై అడుగులు, అడుగున కొంచెం తడి. మూడోది అప్పు తెచ్చి వేశాడు. అది ఒక్క కారు పోసి ఎండిపోయింది. నాలుగోదానికి అమ్మ మెడలో గొలుసు పోయింది. ప్రతిసారీ ఒక పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట "ఇక్కడ ఉన్నయ్ నీళ్ళు" అని చెప్పేవాడు. బోరు బండి వాడికి నీళ్ళు పడ్డా, పడకపోయినా అడుగుల లెక్కన పైసలు రావాల్సిందే. ఆఖరికి ఆ అప్పులు తీర్చడానికే భూమి పోయింది. మేము యూనివర్సిటీలో మొదటిసారి రెసిస్టివిటీ మీటరు పట్టుకుని, నేలలోకి కరెంటు పంపి కింద ఏముందో చూడడం నేర్చుకున్న రోజు మాకు ఆ కొబ్బరికాయ గుర్తుకొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో ప్రాజెక్టు కోసం అంశం వెతుకుతున్నప్పుడు మణుగూరు మిత్రుడి మాట మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. పుస్తకాలు తిరగేస్తే అతని ఊరి పేరు అందులో ఉంది! సంక్రాంతి సెలవుల్లో సికింద్రాబాద్ స్టేషనులో రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి అక్కడ దిగాం. అక్కడి నుంచి ఆటోలో పగిడేరు.

పొలాల మధ్య ఒక బోరు. దానికి మోటారు లేదు, కరెంటు తీగ లేదు, కొట్టే చెయ్యి లేదు. నీళ్ళు వాటంతట అవే పైకి తన్నుకొస్తున్నాయి. జనవరి మంచులో ఆ నీటి మీద పొగలు. చెయ్యి పెట్టి వెంటనే తీసేశాం. కాలువలో కొంత దూరం పారి చల్లబడ్డాక ఆ నీళ్ళే వరి మళ్ళలోకి పోతున్నాయి. నాలుగు బోర్లు వేసి చుక్క నీరు చూడని ఇంటినుంచి వచ్చినవాళ్ళం కదా, మేము ఆ కాలువ గట్టు మీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. మిత్రుడు మాత్రం "ఇప్పుడు చెప్పండిరా, కోడిగుడ్ల సంగతి!" అని కసి తీర్చుకున్నాడు.

ఇది ఎట్లా జరుగుతుందో తమ్ముళ్ళకు అర్థమయ్యేలా చెబుతాం. గోదావరి లోయ ఊరికే నది తవ్వుకున్న లోయ కాదు. కోట్ల సంవత్సరాల కింద అక్కడ భూమి చీలి కుంగింది. ఆ గాడిలో ఇసుకరాళ్ళు, బొగ్గు పొరలు పేరుకున్నాయి. వాన నీరు పగుళ్ళ గుండా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, ఒత్తిడికి మళ్ళీ పైకి వస్తుంది. బొగ్గు కోసం బోర్లు వేస్తూ పోతే బొగ్గుతోపాటు ఈ వేడినీళ్ళు కూడా బయటపడ్డాయి.

సింగరేణి కాలరీస్ సంస్థ 2020ల మొదట్లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ సాయంతో ఇక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. ఇక్కడి నీటి వేడి నూరు డిగ్రీలకు చాలా తక్కువ. దానితో టర్బైను తిప్పేంత ఆవిరి రాదు. అందుకని ఒక ఉపాయం చేస్తారు. సూది మందు ఇచ్చేముందు నర్సు దూదితో స్పిరిట్ రుద్దితే మన ఒంటి వేడికే అది క్షణంలో ఆవిరైపోతుంది కదా! అట్లాగే తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని వేరే గొట్టాల్లో ఉంచి, ఈ వేడినీటితో దాన్ని కాగబెడతారు. ఆ ద్రవం ఆవిరై టర్బైనును తిప్పుతుంది. తర్వాత చల్లబడి మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. వేడినీరు, ఆ ద్రవం ఒకదాన్నొకటి తాకవు. పొగ లేదు, బూడిద లేదు.

వినడానికి ఎంతో బాగుంది. కానీ 20 కిలోవాట్లంటే ఎంత? ఇరవై ఇస్త్రీ పెట్టెలు ఒక్కసారి పెడితే అయిపోతుంది. అదే మణుగూరు ప్రాంతంలో బొగ్గుతో నడిచే భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. నాలుగు యూనిట్లు, 1,080 మెగావాట్లు. అంటే ఆ చిన్న కేంద్రానికి 54 వేల రెట్లు! ఏనుగు పక్కన చీమ అన్నా కూడా చీమను ఎక్కువ చేసి చెప్పినట్టే. తిరుగు రైల్లో మేము కొంచెం నీరసపడ్డాం. ఇంత దూరం వచ్చింది ఇరవై ఇస్త్రీ పెట్టెల కోసమా అనిపించింది.

సికింద్రాబాద్‌లో దిగి నేరుగా ఇంటికి పోయాం. చూసిందంతా నాయినకు చెప్పాం. మోటారు లేకుండా నీళ్ళు పోస్తున్న బోరు అనగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"మన ఊరి కింద కూడ ఉన్నదా ఆ వేడి?"

"ఉంది నాయినా. భూమి కింద అంతటా ఉంది. మామూలుగా కిలోమీటరు లోతుకు పోతే 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. మన దిక్కు పాత గట్టి రాయి కాబట్టి ఇంకా తక్కువ, 20 డిగ్రీలో ఏమో. నూటయాభై డిగ్రీల వేడి కావాలంటే ఆరు కిలోమీటర్లు పోవాలి."

"ఆరు కిలోమీటర్లంటే ఎన్ని అడుగులు?"

"ఇరవై వేల అడుగులు."

నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "మరి అంత లోతు బోరేసి, అది గూడ ఎండిపోతె ఆ పైసలు ఎవల మీద పడతయ్ బిడ్డా?"

మిత్రులారా, మేము ఆరు నెలలుగా చదువుతున్న పుస్తకాలు, పత్రాలు ఎన్నో పేజీల్లో చెబుతున్న మాట ఇదే. ఐదో తరగతి చదివిన మా నాయిన ఒక్క వాక్యంలో అడిగేశాడు. భూతాప విద్యుత్తులో వేడి దొరకడం కంటే పెద్ద చిక్కు మొదటి బోరు. ఒక్కో లోతైన బావికి పదుల కోట్ల రూపాయలు అవుతాయి. వేసేదాకా కింద ఏముందో పూర్తిగా తెలియదు. తొలి బావుల్లో చాలా భాగం పనికిరాకుండా పోతాయి. బావి పోసిందంటే తర్వాత ముప్పై, నలభై ఏళ్ళు బొగ్గు కొనక్కర్లేదు, ఆయిలు కొనక్కర్లేదు. పోయకపోతే పెట్టిన డబ్బంతా మట్టిపాలు. అందుకే మేము మా ప్రాజెక్టు అంశాన్ని మార్చుకున్నాం. ఇరుగుపొరుగు దేశాలను జతలు జతలుగా తీసుకుని, ఒకే రకం నేల ఉన్న దేశాల్లో ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి ఎందుకు పోయారో చూద్దామనుకున్నాం. వెతికింది నాయిన ప్రశ్నకు జవాబే.

మొదట కెన్యా, ఇథియోపియా. రెండూ పక్కపక్క దేశాలు. మన గోదావరి లోయలాగే అక్కడా భూమి చీలుతోంది. తేడా ఏమిటంటే మనది ముసలి చీలిక, వాళ్ళది పడుచు చీలిక. అక్కడ వేడి పైపైనే ఉంది. 1956లో కెన్యాలోని ఓల్కారియా అనే చోట రెండు బావులు తవ్వడం మొదలుపెట్టారు. రెండూ పనికిరాలేదు. అవును, మా నాయిన మొదటి రెండు బోర్లలాగే! కానీ అక్కడ కథ ఆగలేదు. 1970లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ప్రభుత్వం మళ్ళీ తవ్వించింది. 1981లో మొదటి 15 మెగావాట్ల యూనిట్ తిరిగింది. 2008లో ప్రభుత్వం ప్రత్యేకంగా భూతాప అభివృద్ధి సంస్థను పెట్టింది. ముందు సర్కారు సొమ్ముతో బావి తవ్వి, ఆవిరి వచ్చిందని తేలాక కరెంటు తయారుచేసేవాళ్ళను పిలవడం దాని పని. ఇవాళ కెన్యా భూతాప సామర్థ్యం 900 మెగావాట్లు దాటింది. ఆ దేశం వాడే కరెంటులో సగానికి కాస్త తక్కువ భూమి లోపలి వేడి నుంచే వస్తోంది.

అదే చీలిక మీద ఉన్న ఇథియోపియా 1980లలో అలూతో-లంగానో దగ్గర లోతైన బావులు తవ్వింది. 1998లో 7 మెగావాట్ల పైచిలుకు కేంద్రం పెట్టింది. సాంకేతిక ఇబ్బందులతో అది త్వరలోనే చాలావరకు మూలపడింది. ఇథియోపియాకు నీలినది ఉంది, జలవిద్యుత్తు ఉంది. దాంతో ఇటువైపు పట్టుదల తగ్గింది. వేడి ఒక్కటే, చీలిక ఒక్కటే. రెండు ఎండిన బావుల తర్వాత మూడోది తవ్వించేవాడు ఒకచోట ఉన్నాడు, ఇంకోచోట గట్టిగా నిలబడలేదు.

రెండో జత ఫిలిప్పీన్స్, ఇండోనేషియా. రెండూ అగ్నిపర్వతాల దీవులు. 1967లో ఫిలిప్పీన్స్‌లోని తివి అనే చోట ఆర్టురో అల్కరాజ్ అనే శాస్త్రవేత్త బృందం భూమి ఆవిరితో ఒక బల్బు వెలిగించింది. ఒక్క బల్బు! ఇటలీలోని లార్దెరెల్లోలో 1904లో ఈ విద్య పుట్టినప్పుడు కూడా వెలిగింది ఐదు బల్బులే. ఈ సంగతి చదివాక పగిడేరు ఇరవై ఇస్త్రీ పెట్టెల మీద మాకు గౌరవం పెరిగింది. 1973లో చమురు ధరలు మండిపోయాయి. చమురు కొనే స్తోమత లేని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1976లో తన చమురు సంస్థ కిందే ఒక ఇంధన అభివృద్ధి సంస్థను పెట్టి బావులు తవ్వించింది. కొద్ది సంవత్సరాల్లోనే ఆ చిన్న దేశం ప్రపంచంలో అమెరికా తర్వాత రెండో స్థానానికి చేరింది.

మరి ఇండోనేషియా? అక్కడ వేడి ఇంకా ఎక్కువ. సుమారు 24 వేల మెగావాట్లు తీయవచ్చని ఆ ప్రభుత్వ అంచనా. జావాలోని కమోజాంగ్‌లో డచ్చివారు 1926లోనే బావులు తవ్వారు. అయినా మొదటి పెద్ద కేంద్రం 1983లో గాని రాలేదు. కారణం వెతికితే రెండు కనిపించాయి. ఒకటి, ఇండోనేషియాకు చవకైన బొగ్గు దండిగా ఉంది. మన ఓడరేవులకు కూడా వచ్చే బొగ్గు అదే. చేతిలో బొగ్గు ఉన్నవాడికి లోతుకు తవ్వాల్సిన అవసరం ఏముంటుంది? రెండోది ఒక కాగితం ముక్క. 2003 నాటి చట్టంలో భూతాపాన్ని గనుల తవ్వకం కింద లెక్కగట్టారు. వేడి ఉన్న కొండలు చాలావరకు రక్షిత అడవులు. అక్కడ గనులకు అనుమతి ఉండదు. 2014లో చట్టం మార్చి ఆ మాట తీసేశారు. ఆ తర్వాత ఊపు వచ్చి 2018 నాటికి ఇండోనేషియా ఫిలిప్పీన్స్‌ను దాటింది. ఇప్పుడు ఒకటి 2,600 మెగావాట్ల పైన, ఇంకొకటి 1,900 మెగావాట్ల పైన ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో ఆ ప్రభుత్వ సంస్థ 2007లో ప్రైవేటు చేతికి పోయింది. ఆ దేశంలో కొత్త కేంద్రాల జోరు పాతరోజుల్లోలాగా లేదు. ఇది చదివినప్పుడు మాకు మళ్ళీ నాయిన ప్రశ్నే వినపడింది.

మూడో జత మన ఇంటిదే. హిమాలయాలకు ఇటు లడఖ్, అటు టిబెట్. ఒకే కొండల వరుస, ఒకే రకం వేడినీటి బుగ్గలు. 1977లో చైనా టిబెట్‌లోని యాంగ్‌బజింగ్ దగ్గర ఒక మెగావాట్ ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది. పదిహేనేళ్ళలో దాన్ని సుమారు 25 మెగావాట్లకు పెంచి, 90 కిలోమీటర్ల దూరంలోని లాసా నగరానికి కరెంటు పంపింది. మనమేమీ నిద్రపోలేదు. వేడినీటి బుగ్గల మీద కమిటీని 1966లోనే వేశాం. 1970లలో లడఖ్‌లోని పుగా లోయలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 30కి పైగా బోర్లు వేసింది. అన్నింటికంటే లోతైనది 385 మీటర్లు. అంత తక్కువ లోతులోనే 140 డిగ్రీల దాకా వేడి కనిపించింది. మా తార్నాక పక్కనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఆ మంచు ఎడారిలో కొలతలు తీశారు. అంటే శాస్త్రం మన దగ్గర వెనకబడలేదు.

కానీ ఆ కొలతల నుంచి కరెంటు దాకా అడుగు పడలేదు. 2021 ఫిబ్రవరిలో గాని ఒక మెగావాట్ కేంద్రం కోసం ఓఎన్‌జీసీతో ఒప్పందం కాలేదు. 2022లో తవ్వుతుంటే లోపలి వేడి ద్రవం తన్నుకొచ్చి పక్కన వాగులో కలిసింది. పని ఆపి, సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. యాంగ్‌బజింగ్‌లో మొదటి యూనిట్ తిరిగిన 44 ఏళ్ళ తర్వాత ఇటువైపు మొదటి సంతకం! ఈలోగా లడఖ్ జనం ఎన్నో చలికాలాలు డీజిల్ జనరేటర్ల మీద నెట్టుకొచ్చారు. 2019లో శ్రీనగర్ నుంచి లేహ్‌కు కరెంటు లైను వచ్చింది.

మన దేశం మొత్తం మీద వేడి ఎక్కువున్న చోట్లు 381 అని, 10,600 మెగావాట్ల దాకా అవకాశం ఉందని అంచనా వేశారు. 2022లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీని మీద ఒక పటాల పుస్తకమే తెచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ భూతాప ఇంధన విధానాన్ని ప్రకటించింది. కాగితం వచ్చింది. ఇక బోరు రావాలి.

ఇదంతా రాసి ఇందులో చెడే లేదంటే అబద్ధమవుతుంది. లోపలినుంచి వచ్చే నీటిలో గంధకం వాసన వాయువులు, లవణాలు ఉంటాయి. వాటిని తిరిగి లోపలికే పంపకపోతే వాగులు పాడవుతాయి. ఇంకో సంగతి మాలాంటి ఇళ్ళవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 2014లో ఓల్కారియాలో కొత్త కేంద్రం కోసం మాసాయి పశువుల కాపరుల కుటుంబాలను వేరే చోటికి తరలించారు. పట్టాల గురించి, దారుల గురించి వాళ్ళ ఫిర్యాదులు అప్పు ఇచ్చిన ప్రపంచ బ్యాంకు దాకా పోయాయి. మధ్యవర్తులు కూర్చోవాల్సి వచ్చింది. పొగలేని కరెంటు అయినా సరే, భూమి పోయినవాడికి అది భూమి పోవడమే. ఆ సంగతి మాకు పుస్తకం చెప్పక్కర్లేదు.

మణుగూరు మిత్రుడి నాన్న ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కార్మికుడు. మేము వాళ్ళింట్లో భోజనం చేస్తున్నప్పుడు ఆయన ఒక మాట అడిగాడు: "ఇదంతా వచ్చి బొగ్గు బందైతే మేమెట్ల బతకాలె బాబూ?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ముద్ద మింగుతూ తల దించుకున్నాం. ఇప్పుడైతే ఇంత చెప్పగలం. ఇరవై ఇస్త్రీ పెట్టెలు వచ్చి రేపే బొగ్గును ఆపలేవు. కానీ బొగ్గు ఏదో ఒకనాటికి అయిపోతుంది. పగిడేరులో వేడినీళ్ళు దొరికింది బొగ్గు బోర్ల వల్లే. రాయిని తవ్వడం, గొట్టం దించడం, కింది నీటిని అదుపు చేయడం తెలిసిన చేతులు మన రాష్ట్రంలో ఎక్కడున్నాయంటే సింగరేణి బెల్టులోనే ఉన్నాయి. ఆ చేతులకు రేపటి పని ఇదొకటి కావచ్చు. ఆ మార్పు చేసేటప్పుడు పర్మినెంటు వాళ్ళను మాత్రమే లెక్కపెట్టి కాంట్రాక్టు వాళ్ళను మర్చిపోకూడదు. ఈ మాట చెప్పడానికైనా మనలాంటి ఇళ్ళనుంచి పోయినవాళ్ళు ఆ ఆఫీసుల్లో కూర్చోవాలి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎమ్మెస్సీ అయిపోవస్తోంది. ఇంట్లో పరిస్థితి చూస్తే వెంటనే ఏదో ఒక ఉద్యోగంలో చేరడమే న్యాయం. గ్రూప్స్ పుస్తకాలు మా పెట్టెలో ఉన్నాయి. పరిశోధన అంటే ఇంకో ఐదేళ్ళు. అది కూడా లోతు బోరే, పడుతుందో ఎండుతుందో తెలియదు. ఈ భయంతో నాయిన దగ్గరికి పోయి, ప్రాజెక్టులో తేలిందంతా చెప్పాం. పైసలు ఎవరి మీద పడతాయని అడిగావు కదా నాయినా, సర్కారు మీద పడ్డచోట దేశం ముందుకు పోయింది, ఎవరూ మోయని చోట వేడి వేడిగానే కిందే ఉండిపోయింది అన్నాం.

ఆయన తల ఊపాడు. "నా బోర్లు నా ఒక్కని మీదనే పడె" అన్నాడు. కొంచెం ఆగి, "మీ సదువు నా మీద పడలె. హాస్టలోళ్ళ మీద పడ్డది. గందుకే నడిసింది" అన్నాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ మాట మీకోసమే ఇక్కడ రాస్తున్నాం. ఈ హాస్టల్లో మనం తినే అన్నం, కప్పుకునే దుప్పటి, చేతికొచ్చే స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు. మన అమ్మానాన్నలు ఒంటరిగా మోయలేని మొదటి బోరు ఖర్చును సమాజం మోస్తోంది, అంతే. కెన్యాలో మొదటి రెండూ ఎండాక మూడోది తవ్వించినట్టు, పరీక్ష తప్పినవాడికి కూడా ఇంకో ఏడాది ఇక్కడ చోటు ఉండాలి. మేము డిగ్రీ రెండో ఏడు లెక్కల్లో తప్పినవాళ్ళమే. ఆ ఏడు గదిలోనుంచి పెట్టె బయట పెట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పరిశోధన ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాం. గ్రూప్స్ పుస్తకాలు పెట్టెలోనే ఉన్నాయి, అమ్మలేదు. ఏది పడితే అది.

మొన్న ఇంటికి పోయినప్పుడు మాటల్లో మా పాత రెండున్నర ఎకరాల ప్రస్తావన వచ్చింది. ఇప్పుడు అక్కడ ఎవరిదో బత్తాయి తోట. పోయినదాని గురించి ఎప్పుడూ మాట్లాడని నాయిన ఆ రోజు నవ్వుతూ అన్నాడు: "అమ్మింది పైభూమి గద. కింది వేడి ఏ పట్టాల ఉన్నది? అది అందరిదాయె."

అమ్మ పొయ్యి మీద నీళ్ళు దించుతూ, "అయితె మనకు గూడ భూమి ఉన్నట్టే" అన్నది.